జోలపాట దొర



మా ఇందా పేట వాళ్ళకి కాస్త గీర ఎక్కువ. ఖరగ్‌పూర్ అనగానే లోకానికి గుర్తొచ్చేవి రైల్వే వర్క్‌షాపు, వెయ్యి మీటర్లు దాటిన ప్లాట్‌ఫారం, ఐఐటీ. మేం మాత్రం ఊరికి పేరిచ్చిన దేవుడు మా పేటలోనే ఉన్నాడంటాం. ఖర్గేశ్వరుడి గుడి ఇందాలోనే ఉంది మరి. హిడింబేశ్వరి కాళి కూడా మాదే. లక్క ఇంట్లోంచి బయటపడ్డ పాండవులు వచ్చి తలదాచుకున్నది ఈ అడవిలోనేనని, భీముడు హిడింబాసురుణ్ణి చంపి వాడి చెల్లెల్ని పెళ్ళాడింది ఇక్కడేనని పాతవాళ్ళు చెబుతారు. అందుకే 'మాయాబజార్' ఎప్పుడు చూసినా, ఆ చెల్లెలి కొడుకు వేషం కట్టిన ఎస్వీ రంగారావు మీద నాకు మా వీధి కుర్రాడన్న చనువు పుట్టుకొస్తుంది.

ఈ పూట మాట్లాడబోయేది మాత్రం ఒక పెట్టె గురించి.

పోయిన చలికాలం, క్రిస్మస్‌కి వారం ముందు, ఇందా మోడ్‌లో టోటో అనే బ్యాటరీ రిక్షా దిగి ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. భుజానికి గుడ్డసంచీ. గేటు దగ్గర నిలబడి "బాబూ" అంది. మా అమ్మ తప్ప ఇప్పుడు నన్నలా పిలిచేవాళ్ళు లేరు. ఒక్క నిమిషం పట్టింది పోల్చుకోడానికి. రైల్వే క్వార్టర్సులో మా పక్కింటి అమ్మాయి. ఆంగ్లో ఇండియన్లు. వాళ్ళ నాన్నగారు మెయిల్ డ్రైవరు, మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. డెబ్భైలలో వాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. మేం నాన్న రిటైరయ్యాక ఇందాలో స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాం. నాకంటే రెండేళ్ళు పెద్దది, నేను దీదీ అనేవాణ్ణి. ఇప్పుడూ అదే వచ్చింది నోటికి.

ఆ సంచీలోంచి రెండు చేతులతో ఎత్తి బల్లమీద పెట్టింది పెట్టెని. పాత ఎల్పీ రికార్డంత వెడల్పు, ఇటుకంత బరువు. మూత తీస్తే వరసగా పదహారు సీడీలు, వాటి కింద గట్టి అట్ట వేసిన పెద్ద పుస్తకం. జిమ్ రీవ్స్ అనే అమెరికన్ గాయకుడు జీవితంలో రికార్డు చేసిన పాటలన్నీ తేదీల వరసన పేర్చి పెట్టిన సంకలనం అది. పేరు 'వెల్‌కమ్ టు మై వరల్డ్'. బేర్ ఫ్యామిలీ అనే జర్మనీ కంపెనీ 1994లో వేసింది. అమెరికా పల్లెపాటలకి ఇలాంటి పెట్టె కట్టాలన్న ఆలోచన అమెరికా వాడికి కాక జర్మనీ వాడికి రావడం నాకు వింతగా అనిపించలేదు. ఇంటి వస్తువు విలువ పొరుగింటి వాడికే ముందు తెలుస్తుంది.

"డాడీ పెట్టె. నువ్వు వింటావని తెచ్చాను. న్యూ ఇయర్ అయ్యాక తీసుకెళ్తాను" అంది.

జిమ్ రీవ్స్ ఎవరో తెలియని శ్రోతలకి రెండు మాటలు. 1923 ఆగస్టు 20న టెక్సస్‌లో ఒక పల్లెలో పుట్టాడు. మన ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణాజిల్లా చౌటపల్లిలో పుట్టారు. ఇద్దరికీ ఎనిమిది నెలల తేడా. ఈ లెక్క నేనెందుకు తీస్తున్నానో తర్వాత చెబుతాను. రీవ్స్ ముందు బేస్‌బాల్ ఆటగాడు కావాలనుకున్నాడు. కాలి నరం దెబ్బతిని ఆట పోయింది. రేడియోలో అనౌన్సరుగా చేరాడు. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఒక రేడియో సంగీత కార్యక్రమం నడిచేది. ఒక రాత్రి పాడాల్సిన గాయకుడు రాకపోతే, మైకు దగ్గరున్న ఈ అనౌన్సర్నే పాడమన్నారని కథ. మిగిలింది కంట్రీ సంగీత చరిత్ర.

కంట్రీ అంటే ఏమిటంటే, అమెరికా దక్షిణాది పల్లెల పాట. ఫిడేలు, గిటారు, జారుడు స్వరాల స్టీల్ గిటారు. ప్రేమ, సారా, అమ్మ, చర్చి, రైలు. రైలు మాటకి వస్తే, ఈ సంగీతానికి తండ్రి అని పిలిచే జిమ్మీ రోడ్జర్స్ మన బాపతే, రైల్వేలో బ్రేక్స్‌మన్. 1927 ఆగస్టులో బ్రిస్టల్ అనే ఊళ్ళో తొలిసారి రికార్డుకి పాడాడు. క్షయ. 1933 మే నెలలో న్యూయార్కులో చివరి పాటలు పాడుతూ, పాటకీ పాటకీ మధ్య స్టూడియోలో వేసిన మంచంమీద పడుకుని లేచేవాడు. ఆ నెల 26న పోయాడు. శవాన్ని మిసిసిపీలోని సొంతూరికి రైల్లోనే తీసుకెళ్ళారు. కంట్రీ సంగీతానికి ప్రఖ్యాతుల మందిరం ఒకటి పెట్టుకుని, 1961లో మొదట ఎక్కించుకున్న ముగ్గురిలో ఈ బ్రేక్స్‌మన్ ఒకడు. మన రైల్వే వాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు కానీ, చెప్పి ఉంటే ఇన్‌స్టిట్యూట్ గోడమీద ఫోటో పెట్టుకునేవాళ్ళం.

ఇప్పుడు మా క్వార్టర్సుకి వద్దాం.

రన్నింగ్ స్టాఫ్ ఇంటి పక్కన కాపురమంటే ఏమిటో రైల్వే వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి రెండింటికో మూడింటికో కాల్‌బాయ్ వస్తాడు. చేతిలో లాంతరు, చంకలో కాల్‌బుక్కు. తలుపు కొట్టి, డ్రైవర్ని లేపి, బుక్కులో సంతకం పెట్టించుకుని పోతాడు. ఆ తలుపు చప్పుడుకి డ్రైవరింట్లో వాళ్ళు లేచినా లేవకపోయినా మా ఇంట్లో చంటి తమ్ముడు లేచేవాడు. ఏడుపు లంకించుకునేవాడు.

దీదీ వాళ్ళ నాన్న, మా అంకుల్, మొహం కడుక్కుని, యూనిఫాం తొడుక్కుని, టిఫిన్ డబ్బా సర్దుకునేలోపు ఒక్క పాట వినేవాడు. సూట్‌కేసులా మూతపడే చిన్న రికార్డ్ ప్లేయరు. ఇంట్లోవాళ్ళు లేవకూడదని గొంతు బాగా తగ్గించి పెట్టేవాడు. గోడ అవతల్నించి ఆ మంద్రం ఒక్కటే వినపడేది, మాటలు కాదు. మాటలు వినపడినా మాకు అర్థమయ్యేవి కావు. తమ్ముడు ఏడుపు ఆపేసేవాడు. పాట అయ్యేసరికి నిద్రపోయేవాడు. బయట అంకుల్ బూట్ల చప్పుడు, తర్వాత దూరంగా లోకోషెడ్ వైపు బొగ్గింజన్ల ఊపిరి.

మా అమ్మ విజయనగరం వైపు మనిషి. "ఏటోరా, ఆ దొర పాట మనోడికి జోలపాటలాగ పనిచేస్తంది" అనేది. అప్పట్నించీ మా ఇంట్లో జిమ్ రీవ్స్‌కి పేరు జోలపాట దొర.

ఒక్క మా ఇల్లే కాదు. ఆ రోజుల్లో హిందుస్తానంలో రైల్వే కాలనీలన్నిటా ఆ గొంతు ఉండేది. రేడియో సిలోన్ పెడితే వినొచ్చు. అదే సిలోన్‌లో వేళ మారితే మీనాక్షి పొన్నుదురై గారి గొంతులో తెలుగు కార్యక్రమం వచ్చేది. మా ఇంటి రేడియో ముల్లు ఎప్పుడూ అక్కడే. అంకుల్ ఇంటిదీ అక్కడే. ఒకే ముల్లు దగ్గర అటు జిమ్ రీవ్స్, ఇటు ఘంటసాల.

1964 జూలై 31. రీవ్స్ తన చిన్న విమానం తనే నడుపుకుంటూ, పక్కన తన పియానో వాయిద్యకారుణ్ణి కూర్చోబెట్టుకుని నాష్‌విల్‌కి తిరిగొస్తున్నాడు. దారిలో గాలివాన. విమానం కూలిన చోటు దొరకడానికి రెండు రోజులు పట్టింది. అప్పటికి ఆయనకి నలభై ఒకటో ఏడు ఇంకా నిండలేదు. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు అంకుల్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా నాన్న ఎవరో దగ్గరి చుట్టం పోయాడనుకుని పలకరించడానికి వెళ్ళాడు. అంకుల్ పేపరు మడిచి పక్కన పెట్టి, హిందీలో ఒక్కటే మాటన్నాడట. "సిగ్నల్ కనపడకపోతే బండి ఆపాలి. రూలు అదే కదా." బొగ్గింజను డ్రైవరు విమానం డ్రైవరు మీద పెట్టిన కంప్లైంటు అది. ఆకాశంలో ఎర్రలైటు ఎవడు పెడతాడన్న సంగతి నాన్నా అడగలేదు.

పదేళ్ళు తిరక్కుండా, 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల పోయారు. యాభై ఒక్క ఏళ్ళు. మా లైన్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆ సాయంత్రం పొయ్యి ఆలస్యంగా వెలిగింది. నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. డ్యూటీ దిగి, మొహాన బొగ్గుమసితోనే అంకుల్ తిన్నగా మా ఇంటికి వచ్చాడు. మెట్టుమీద నాన్న పక్కన కూర్చున్నాడు. "తుమ్‌లోగ్ కా జిమ్ రీవ్స్ చలా గయా, నా?" అన్నాడు. మీ జిమ్ రీవ్స్ వెళ్ళిపోయాడట కదా అని. తర్వాత పది నిమిషాలు ఇద్దరూ మాట్లాడుకోలేదు. అమ్మ టీ ఇచ్చింది. తాగి వెళ్ళిపోయాడు.

నేను తర్వాత ఘంటసాల గురించి చాలా వ్యాసాలు చదివాను. నాలుగు బిరుదులూ, నలభై విశేషణాలూ ఉంటాయి వాటిల్లో. అంకుల్ చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

అప్పట్లో మాకు దొరికిన సంకలనాల సంగతి కూడా చెప్పాలి. ఎనభైలలో క్యాసెట్లు వచ్చాయి. స్టేషన్ బయట బండిమీద జిమ్ రీవ్స్ ఆణిముత్యాలని ఒకటి కొన్నాను. పైన బొమ్మ ఆయనదే, పాటల పేర్లు ఆయనవే. పెట్టి వింటే గొంతు ఇంకెవరిదో! అట్ట వెనక, భూతద్దానికి దొరికే అక్షరాల్లో, ఇవి వేరే గాయకుడు పాడినవని ఉంది. బండివాణ్ణి అడిగితే, "పాట అదే కదా దాదా" అన్నాడు. ఘంటసాలకీ అదే గతి పట్టింది కొన్నాళ్ళు. ఆయన పేరు పెద్దగా, పాడినాయన పేరు చీమంత. మా నాన్న మొదటి పల్లవి సగంలో టేప్‌రికార్డర్ ఆపేసి, క్యాసెట్టు తీసి, అందులో పెరుగు తోడుపెట్టడానికైనా పనికిరాదని తిట్టాడు.

సరే, పెట్టె. ఆ వారం రోజులు నేను చేసిన పని అదొక్కటే. ఒక్కో సీడీ గంటా ఇరవై నిమిషాలకి మించి పట్టదు. పదహారూ కలిపినా ఇరవై ఒక్క గంటలు. ఇక్కడ కోరమాండల్ ఎక్కితే మద్రాసులో దిగేలోపు ఒక మనిషి పాడిన జీవితమంతా అయిపోతుందన్నమాట. తలుచుకుంటే కొంచెం గుండె జారింది.

మొదటి సీడీ పెట్టగానే నాకు రెండో దెబ్బ తగిలింది. క్యాసెట్టు కొన్ననాటి దెబ్బలాంటిదే. గొంతు ఇంకెవరిదో! ఈసారి మోసమేం లేదు. పుస్తకంలో ప్రతి పాటకీ ఏ తేదీన, ఏ స్టూడియోలో, ఎవరెవరు వాయించగా పాడాడో, ఇంజను లాగ్‌బుక్కులో రాసినట్టు రాసి ఉంది. 1949లో హ్యూస్టన్‌లో మేసీస్ అనే చిన్న కంపెనీకి పాడిన మొదటి పాటలు. తర్వాత 1953లో అబట్ కంపెనీకి పాడిన 'మెక్సికన్ జో', 'బింబో'. గొంతు పైకెత్తి, ముక్కులోంచి లాగి, సంతలో సరుకమ్మే వాడిలా కేకలు. ఫిడేలు ఒకవైపు పరుగు, స్టీల్ గిటారు ఒకవైపు. హుషారుగానే ఉంది, కాదనను. ఆ 'మెక్సికన్ జో' కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది కూడా. కానీ ఆ కేకకి మా తమ్ముడు నిద్రపోడు సరిగదా, నిద్రపోతున్న వీధి మొత్తం లేస్తుంది.

మరి జోలపాట దొర ఎక్కడ?

అయిదో రోజుకి దొరికాడు. 1957, నాష్‌విల్, ఆర్‌సీఏ స్టూడియో. పాట 'ఫోర్ వాల్స్'. గిటారు విద్వాంసుడు చెట్ ఆట్కిన్స్ ఆ రికార్డింగు చూసుకుంటున్నాడు. రీవ్స్ ఆ రోజు కేక మానేశాడు. గొంతు దించాడు. పెదాలు తగులుతాయేమో అన్నంత దగ్గరగా మైకు ముందు నిలబడ్డాడు. అప్పటి లెక్కప్రకారం అది తప్పు. మైకుకి మరీ దగ్గరికెళ్తే ఊపిరి చప్పుడు పడుతుంది, 'ప'లూ 'బ'లూ టపటపా పేలతాయి. కానీ ఒక లాభం ఉంది. ఒకవైపు వినే రకం మైకుకి నోరు దగ్గరయ్యేకొద్దీ గొంతులో మంద్రం పెరుగుతుంది. లేని లోతు వస్తుంది. ఈ కిటుకు పాటగాళ్ళ కంటే రేడియో అనౌన్సర్లకి బాగా తెలుసు. రాత్రిపూట వార్తలు చదివేవాడు ఊరందరికీ చదవడు, ఒక్కరికి చెబుతాడు. రీవ్స్ తన పాత ఉద్యోగాన్ని పాటలోకి తెచ్చుకున్నాడు.

అక్కణ్ణించి సీడీలు మారేకొద్దీ ఫిడేలు తగ్గుతుంది, స్టీల్ గిటారు తగ్గుతుంది. పియానో, వయొలిన్ల బృందం, వెనక మెత్తటి కోరస్ వస్తాయి. దాన్ని నాష్‌విల్ సౌండ్ అన్నారు. పాత కంట్రీ అభిమానులు పల్లెపాటకి కోటు తొడిగారని విసుక్కున్నారు. వాళ్ళ విసుగులో న్యాయం లేకపోలేదు. మొదటి మూడు సీడీలు విన్నాక నాకూ ఆ ఫిడేలు మీద బెంగపుట్టింది. 1959లో 'హీల్ హావ్ టు గో' వచ్చింది. ఒక భార్యాభర్తలు రాసిన పాట. ఫోన్‌లో అవతలి మనిషితో గొంతు తగ్గించి మాట్లాడే పాట. రికార్డుకి రెండోవైపు వేశారు దాన్ని. రేడియోవాళ్ళు తిరగేసి వేయడం మొదలుపెట్టాక, 1960లో పద్నాలుగు వారాలు కంట్రీ పట్టిక పైన కూర్చుంది. ఫోనులో మాట్లాడే పాటకి మైకు దగ్గర పెట్టుకోవడం కంటే ఇంకేం కావాలి.

ఇక ఘంటసాల లెక్క. మన నాటకాల పద్యం సంగతి తెలిసిందే. మైకు లేని రోజుల్లో ఆఖరి వరస వాడికి వినపడాలి. హార్మోనియం శ్రుతి పైకి, రాగం దాని పైకి. పద్యం అయ్యాక రాగం ఇంకో అయిదు నిమిషాలు, ఆపైన వన్స్‌మోర్. అందులో మాట ఎక్కడుందో వెతుక్కోవాలి. ఘంటసాల విజయనగరంలో మధూకరం ఎత్తుకుని తింటూ శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న మనిషి. ఆయనకి రాగం తెలియక కాదు. హెచ్‌ఎమ్‌వీ రికార్డు కంపెనీలో పేకేటి శివరాం చొరవతో తొలి ప్రైవేటు పాటలు రికార్డయ్యాయి, మద్రాసు రేడియోలోనూ పాడారు. మూడు నిమిషాల రికార్డు ఒకవైపున పద్యం పట్టాలి. మైకు ముందు అరవక్కర్లేదు. ఆయన రాగాన్ని కత్తిరించాడు, మాటని ముందుకి తెచ్చాడు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఆయన గొంతులో వినండి. ఆ పువ్వు సభలో మాట్లాడదు. కోయబోయే వాడి చెవి దగ్గర మాట్లాడుతుంది.

అంకుల్ ఆ రోజు మెట్టుమీద ఎందుకామాటన్నాడో నాకు యాభై ఏళ్ళ తర్వాత, ఆ అయిదో రోజున అర్థమైంది. ఆయనకి తెలుగు ముక్క రాదు. గోడ ఇవతల్నించి మా ఘంటసాల ఆయనకి ఎలా వినపడేవాడో, అవతల్నించి జిమ్ రీవ్స్ మాకు అలాగే వినపడేవాడు. మాట తెలియకుండా, దగ్గరితనం ఒక్కటీ తెలిసేట్టు.

రికార్డుల మాట వచ్చింది కనక చిన్న పిడకలవేట. హెచ్‌ఎమ్‌వీ వాళ్ళ కార్ఖానా మొదట 1908లో కలకత్తా సియాల్దాలో, తర్వాత దమ్‌దమ్‌లో. మద్రాసులో ఘంటసాల పాడితే, రికార్డు అచ్చయ్యేది దమ్‌దమ్‌లో. అచ్చయిన తెలుగు రికార్డులు మళ్ళీ దక్షిణాదికి పోవాలంటే మా స్టేషన్ మీదుగానే కదా బండి. అంటే గుడివాడలో ఎవరో 'పుష్పవిలాపం' వినకముందే అది పార్శిల్ పెట్టెలో ఖరగ్‌పూర్ దాటి ఉంటుంది. అంకుల్ లాగిన బండిలోనే వెళ్ళి ఉండొచ్చు కూడా. ఇంకొకటి. ఆ పాత డెబ్భైఎనిమిది స్పీడు రికార్డుకి ప్రాణం లక్క. రాతిపొడీ మసీ కలిపి, లక్కతో ముద్దచేసి అచ్చువేసేవాళ్ళు. ఆ లక్క పుట్టేది మా బెంగాల్ నాగపూర్ లైన్ మీదే, పురులియా, ఝాల్దా, బలరాంపూర్ వైపు. రెండో యుద్ధంలో ఇక్కణ్ణించి లక్క ఆగిపోతే అమెరికాలో రికార్డులకి కటకటయి, పాతవి విరగ్గొట్టి మళ్ళీ వాడుకున్నారు. లక్క ఇంట్లోంచి బయటపడి హిడింబ అడవికి వచ్చారు పాండవులు. లక్క రికార్డులు హిడింబ అడవి మీదుగా లోకానికి వెళ్ళాయి. ఇందా వాణ్ణి, నాకు ఈమాత్రం కలుపుకునే హక్కు ఉంది.

చివరి సీడీల దగ్గరికొచ్చేసరికి దీదీకీ నాకూ మాటామాటా వచ్చింది.

రీవ్స్ పోయాక కూడా ఆయన కొత్త రికార్డులు ఏళ్ళతరబడి వస్తూనే ఉన్నాయి. భార్య మేరీ రీవ్స్ టేపులు భద్రం చేసి, ఒక్కొక్కటే బయటికి వదిలింది. మామూలుగా పాడి పక్కన పెట్టుకున్న పాటకి తర్వాత వయొలిన్లు తొడిగి అమ్మారు. అలా వచ్చిన 'డిస్టెంట్ డ్రమ్స్' 1966లో ఇంగ్లండులో మొదటి స్థానంలో కూర్చుంది, పాడినవాడు పోయిన రెండేళ్ళకి. అంతటితో ఆగలేదు. పాట్సీ క్లైన్ అని ఇంకో గొప్ప గాయని, ఆవిడా 1963లో విమాన ప్రమాదంలోనే పోయింది. ఇద్దరూ విడివిడిగా పాడిన పాటల్లోంచి గొంతులు విడదీసి, ఒకదానికొకటి అతికి, 1981లో యుగళగీతాలుగా విడుదల చేశారు. ఇద్దరూ బతికుండగా కలిసి పాడిన పాట కాదది.

నాకది నచ్చలేదు. బతికున్నవాడు వద్దంటాడు, పోయినవాడు ఎలా వద్దంటాడు అన్నాను. పెరుగు తోడు క్యాసెట్టు కథ కూడా చెప్పాను.

దీదీ చాలాసేపు పెట్టె అట్టమీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. వాళ్ళమ్మని ఖరగ్‌పూర్ సిమెట్రీలో పూడ్చారు, ఆస్ట్రేలియా వెళ్ళక ముందు. వాళ్ళ నాన్న పెర్త్‌లో ఉన్నాడు, మట్టిలో. ఆ పొద్దున్నే తల్లి సమాధి కడిగి, పువ్వులు పెట్టి వచ్చింది. "వేర్వేరు చోట్ల పోయినవాళ్ళని ఒకచోట పాడించారు. నీకేం నొప్పి బాబూ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆ యుగళగీతం నాకు నచ్చదు. కానీ ఆవిడ ముందు మళ్ళీ ఆ మాటెత్తను.

నాకు అంతకంటే పెద్ద ఫిర్యాదు ఇంకొకటుంది. అది కంపెనీల మీద కాదు, మనమీదే. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత ఆయన పోయాక విడుదలైంది. ఇవాళ అది ఎక్కడ వినపడుతోంది? శవం లేచే ఇంట్లో. ఇందాలో ఏ తెలుగింట్లోనైనా పొద్దున్నే గీత పెడితే, పక్కింటి బెంగాలీ ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి "కే మారా గ్యాలో?" అంటాడు, పోయిందెవరని. ఒకసారి మా అమ్మ ఏకాదశినాడు భక్తిగా పెట్టుకుంటే ఇద్దరు పరామర్శకి వచ్చారు! ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళల్లో జిమ్ రీవ్స్‌దీ అదే కథ. 1963లో ఆయన వేసిన పన్నెండు క్రిస్మస్ పాటల రికార్డు ఉంది. ఏడాదికి పదకొండు నెలలు అటకమీద, డిసెంబరులో కిందికి. ఇంత పాడిన మనుషుల్లో ఒకరిని చావుకీ, ఇంకొకరిని పండక్కీ అప్పజెప్పి చేతులు దులుపుకున్నాం. కంపెనీ వాడు వేసే ఆణిముత్యాల క్యాసెట్టులో కనీసం పన్నెండు పాటలుంటాయి. మన జ్ఞాపకం వేసే క్యాసెట్టులో ఒక్కటే ఉంటుంది.

అందుకే ఈ పదహారు సీడీల పెట్టె మీద నాకు మోజు. ఇందులో పండగ పాటలూ ఉన్నాయి, పనికిమాలిన పాటలూ ఉన్నాయి. అబ్బ, ఇది ఎందుకు పాడావయ్యా అనిపించినవి ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో కచేరీలు చేసి, అక్కడి ఆఫ్రికాన్స్ భాష రాకపోయినా పలుకుబడి పట్టుకుని పాడిన పాటలున్నాయి. మన రఫీ తెలుగు పాడినట్టే. 1964 జూలైలో, పోవడానికి కొన్ని వారాల ముందు పాడిన చివరి పాటలున్నాయి. అక్కడేం విశేషం వినపడదు. గొంతులో అలసట లేదు, సూచన లేదు. వచ్చే వారం మళ్ళీ వస్తానన్నట్టు పాడి వెళ్ళాడు. ఘంటసాలకి ఇలా మొదటి పాట నుంచీ చివరి శ్లోకం దాకా, తేదీలతో, పక్కవాద్యాల పేర్లతో, తప్పులూ తడబాట్లతో సహా కూర్చిన పెట్టె నా చేతికి ఇంకా రాలేదు. వస్తే పింఛను డబ్బు పెట్టి కొంటాను.

కొత్త సంవత్సరం వెళ్ళిన మూడోరోజు దీదీ ప్రయాణం. ముందురోజు సాయంత్రం మా అమ్మ గదిలో ప్లేయరు పెట్టాం. అమ్మకి తొంభై దాటాయి. చెవులు బాగానే ఉన్నాయి. నేను తుంటరిగా మొదటి సీడీ పెట్టాను. 'మెక్సికన్ జో' మొదలైంది.

"ఎవుడ్రా ఆ గోల?" అంది అమ్మ.

"జోలపాట దొరేనమ్మా."

"నువ్వు నాకు చెప్పకు. ఆ దొర గొంతు నాకు తెల్దా? చంటోణ్ణి నిద్రోపింది ఆయనే గదా."

దీదీ ఇంకో సీడీ మార్చి, తను చిన్నప్పుడు గోడ అవతల పడుకుని విన్న పాట పెట్టింది. అమ్మ కళ్ళు మూసుకుంది. చేయి దానంతటదే మంచం పట్టెమీద నెమ్మదిగా తట్టడం మొదలుపెట్టింది, ఒళ్ళో బిడ్డ ఉన్నట్టు. పాట అయ్యాక అంది: "ఈడే. ఈయనే." కాసేపాగి, "మరి ఆ గోల చేసినాయన కూడా ఈయనే అంటావేటి?" అని అడిగింది. అవునన్నాను. "పెళ్ళికి ముందు పాడుంటాడు" అని తేల్చేసింది.

1949లో మొదటి పాట పాడేనాటికే ఆయనకి పెళ్ళయిపోయిందని పుస్తకంలో ఉంది. అమ్మకి చెప్పలేదు.

దీదీ వెళ్ళిన రెండో రోజు ఫోన్ చేసింది. పెట్టె తెరిచి చూస్తే పదిహేనే ఉన్నాయట. ఒకటి అమ్మ గదిలో ఉండిపోయింది. పంపిస్తానంటే వద్దంది, వచ్చే క్రిస్మస్‌కి వచ్చి తీసుకుంటానంది. వెతికి చూస్తే అది మొదటి సీడీ. ఇప్పుడు సాయంత్రం కాఫీ వేళకి అమ్మే అడుగుతోంది, "ఆ గోల పెట్టరా" అని.